పాత రంగుకు కొత్త రంగు కలపాలంటే

చిరంజీవి అల్లుడికి,

కావలిలో పౌడర్ కోటింగు షెడ్డు, అదే, లోహం మీద పొడి రంగు కొట్టి ఓవెన్లో కాల్చే షెడ్డు తెరిచావని, జువ్వలదిన్నె హార్బరు నుంచి మొదటి బోటు పని వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. రైలింగు పాతదే ఉంచి, నాలుగు నిలువు పైపులు, తాళ్లు కట్టే క్లీట్లు మాత్రం కొత్తవి చేయించి, వాటి రంగు పాతదానికి సరిపోయేలా కొట్టమన్నాడట ఓనరు. కొత్త షెడ్డును ముంచేవి ఇలాంటి పనులే. అందుకే ఈ ఉత్తరం.

నేనూ ఒకసారి మునిగాను. నెల్లూరులో ఒక బోటు తెల్ల రైలింగు సగం కొట్టేసరికి పౌడరు అయిపోయింది. అదే నంబరు ఇంకో డబ్బా తెప్పించి మిగతాది కొట్టాను. ట్యూబులైటు కింద అంతా ఒక్కటిగానే ఉంది. కృష్ణపట్నంలో ఎండకు బిగించి చూస్తే ఒక పక్క పాలు, ఒక పక్క మీగడ! అంతా గీకి మళ్లీ కొట్టిచ్చాను, ఖర్చు నాదే. డబ్బా మీద రంగు నంబరు చూశాను గానీ, ఏ విడతలో తయారైందో చెప్పే బ్యాచ్ నంబరు చూడలేదు. ఒక బోటు సామానుకు ఎంత పడుతుందో లెక్కేసి, కాస్త ఎక్కువే, ఒకే బ్యాచ్‌లో తెప్పించు. చాలకపోతే వేరే డబ్బాది కలిపేద్దామనుకోకు. ఇది బ్రష్ పెయింటు కాదు, రెండు పౌడర్లు కలిపితే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

రంగులకు నంబర్లిచ్చే రాల్ కార్డులో 9010, 9016 రెండూ తెలుపే. మొదటిదానిలో కొంచెం పసుపు ఛాయ ఉంటుంది. కార్డు చూసి ఒప్పుకోవద్దు. అదే లోహం మీద శాంపిల్ ప్లేటు కొట్టు, 60 నుంచి 80 మైక్రాన్ల మందం రానీ. పలచబడితే అడుగు లోహం తొంగిచూస్తుంది, తెలుపు, పసుపుల్లో మరీను. మెరుపూ సరిపోవాలి. మెరుపు తేడాగా ఉంటే ఒకే రంగు కూడా రెండు రంగుల్లాగే కనిపిస్తుంది. ఓవెన్లో 200 డిగ్రీలకు 10 నిమిషాలంటే గాలి వేడి కాదు, లోహం ఆ వేడికి చేరాక లెక్క. మందం పైపు ఆలస్యంగా కాగుతుంది. దాని కోసం ఎక్కువసేపు ఉంచితే, పక్కనున్న పలచటి తెల్ల ముక్కలు పసుపెక్కుతాయి. రెండింటినీ ఒక్క లోడులో పెట్టకు.

పాత రైలింగు అసలు రంగు తెలియాలంటే బిగింపుల కింద చూడు, ఎండ తగలని చోట. పైన ఉన్నది వెలిసిన రంగు. దేనికి కలపాలో ఓనరుతోనే చెప్పించు. వెలిసినదానికి కలిపితే, కొత్తది వెలిసేటప్పుడు మళ్లీ తేడా వస్తుంది, ఇది ముందే చెప్పు. డబ్బు పెట్టగలిగితే మొత్తం రైలింగు కొట్టించుకోమను. లేదంటే క్లీట్లకు నలుపు కొట్టు. దగ్గరి రంగు తప్పులా కనిపిస్తుంది, వేరే రంగు కావాలని వేసినట్టు కనిపిస్తుంది.

ఉప్పు గాలి సంగతి మర్చిపోకు. ఇనుముకు బ్లాస్టింగు చేసి, అంటే గరుకు రజను జోరుగా కొట్టి శుభ్రం చేసి, అడుగున జింకు ఎపాక్సీ ప్రైమరు, పైన పాలిస్టరు పౌడరు కొట్టు. ఎపాక్సీని పైపూతగా వేస్తే ఎండకు సుద్దలా రాలుతుంది. పోత అల్యూమినియం క్లీట్లను ముందు ఒకసారి ఓవెన్లో కాల్చు, లోపలి గాలి పోతుంది, లేకపోతే సూది రంధ్రాలు. వాటికి స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తే మధ్యలో నైలాన్ వాషరు పెట్టించు. బోల్టు మరలుండే రంధ్రాల్లో రంగు పడకుండా సిలికాన్ బిరడాలు పెట్టు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజుల్లో అందరూ ఒక్కసారే వస్తారు, తొందర పెడతారు. ఎంత తొందరైనా ప్లేటు రెండు చేసి, బోటు దగ్గరే ఎండలో నిలువుగా పెట్టి చూపించు. ఒప్పుకున్న ప్లేటు వెనక సంతకం పెట్టించి ఒకటి నీ దగ్గర దాచు.

పాత రైలింగు ముక్క ఒకటి బస్సులో పంపు, నేనూ ఎండలో చూసి చెప్తాను. నిషేధం అయ్యాక వచ్చేటప్పుడు వంజరం పట్టుకురా, మీ అత్త పులుసు పెడుతుంది.

మీ మామ