కాటా చెప్పే సంగతి ఒక్కటే

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బీమా ఫారంలో 'మీ ఆరోగ్యం ఎలా ఉంది' అన్నచోట 'చాలా బాగుంది' అని రాశానన్నావు. ఎలా తెలుసని అడిగితే, '62 కిలోలే కదా మామయ్యా' అన్నావు. ఆ మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

నేను ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసినవాణ్ణి. టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఎంత తూగిందో కాటా చెబుతుంది, అంతే. కొనేవాడు ఆ అంకె చూసి ధర కట్టడు. సంచి లోపలికంటా చెయ్యి పెట్టి గుప్పెడు కాయ బయటికి తీస్తాడు. తేమ ఉందా, తాలు కలిసిందా అని చూస్తాడు. కాయను చెవి దగ్గర ఊపి గింజ గలగలలాడుతోందా అని వింటాడు.

నా ఒంటి విషయంలో నేను ఆ పని చెయ్యలేదు. ఏనాడూ 58 కిలోలు దాటలేదు కాబట్టి, బక్కపలుచటి మనిషికి షుగరు రాదని నమ్మాను. 51వ ఏట నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను. బాగా తగ్గావని బజారులో అందరూ మెచ్చుకుంటుంటే సంతోషించాను. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నానని, చెంబెడు నీళ్లు తాగినా దాహం తీరడం లేదని మీ అత్తయ్యకు కూడా చెప్పలేదు. చెప్పు కరిచి మడమ మీద లేచిన పుండు నెల దాటినా మానకపోతే అప్పుడు వెళ్లాను. పరగడుపున షుగరు 240.

నాకు వైద్యం చేసిన డాక్టరు ఒక సంగతి చెప్పారు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటో పక్కన కొలతలు వేసుకున్నారట. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, బీఎంఐ, ఇద్దరికీ ఒకటే: 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మనవాడికి 21.2. చూపుకు సన్నగా ఉన్నా కొవ్వు పొట్టలో దాచుకునే ఒళ్లు మనది. అందుకే మనవాళ్లకు బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 నుంచే అధిక బరువంటారు.

టైలరు టేపు తెచ్చుకో. చొక్కా ఎత్తి, ఊపిరి మామూలుగా వదిలి, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ చుట్టు. పొట్ట లోపలికి లాగకు. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, మీరంతా బొడ్డు కిందికి కడతారు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. తర్వాత బీపీ, మూడు నెలల సగటు షుగరు పరీక్ష. అందులో 5.7 శాతం నుంచి జాగ్రత్త పడాలి, 6.5 అంటే షుగరు వచ్చినట్టే.

మీ అక్కది మరో బాధ. 84 కిలోలున్న పిల్ల మోకాలి నొప్పి అని ఆసుపత్రికి వెళితే, మోకాలు చూడకముందే బరువు తగ్గమన్నారట. ఆ అవమానంతో వెళ్లడమే మానేసింది. బరువుతో పనిలేదని నేననను. మోకాళ్లకూ, బీపీకీ, షుగరుకూ దానితో సంబంధం ఉంది. కానీ ఒక్క పరీక్ష కూడా చేయించుకోకుండానే తనను తాను రోగిగా లెక్కవేసుకుంటోంది. విజయవాడలో రోజూ మూడంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కి దిగే మనిషి! ఆమె భయమూ, నీ ధీమా, రెండూ ఆ కాటా మీద నుంచే పుట్టాయి.

'ఎలా ఉన్నాను' అని ఎవరికి వారు అడుక్కోవడం మంచిదే. నిద్ర ఎలా పడుతోంది, మెట్లెక్కితే ఊపిరి ఎలా ఉంది, దెబ్బ ఎన్నాళ్లకు మానుతోంది, ఇవి చూసుకుని జవాబు రాయి.

ఆదివారం ఇద్దరూ పొద్దుటి బస్సుకు వచ్చేయండి. ఏమీ తినకుండా రండి, ల్యాబు మా వీధి చివరే. రక్తం ఇచ్చి రాగానే అత్తయ్య పెసరట్లు వేస్తుంది. మా ఇంట్లో బరువు ఊసు ఎవరూ ఎత్తరని అక్కకు నా మాటగా చెప్పు.

మీ మామయ్య