ఆటల్లో బొమ్మలకు రంగులు మార్చడం ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో ఏడాది. వీడియో గేముల్లోని కార్లకు, సైనికుల బట్టలకు జింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో రంగులు మారుస్తూ అర్ధరాత్రి దాకా కూర్చుంటాడు. అడిగితే ‘ఇదీ ఉద్యోగమే’ అంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఆపించాలా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఉద్యోగం ఉన్న మాట నిజమే. టెక్స్చర్ ఆర్టిస్ట్ అంటారు. మీవాడు చేస్తున్నది మాత్రం అందులో మొదటి మెట్టు. ఆపించవద్దు, కానీ ఆ మెట్టు మీదే కూర్చోనివ్వకండి.

గేములో కారు మొదట రంగులేవీ వెయ్యని బూడిదరంగు బొమ్మ. దాన్ని మోడల్ అంటారు. కుట్టిన చొక్కాను కుట్లు విప్పి నేలమీద పరిచినట్టు దాని పైభాగాన్ని విప్పి పరుస్తారు. దాన్ని యూవీ అంటారు. ఆ ముక్కల మీద వేసే రంగుల చిత్రమే టెక్స్చర్. ఎర్ర కారును నీలం చేయడానికి ఒక స్లైడర్ జరిపితే చాలు, నిమిషం పని. దానికి జీతం ఎవరూ ఇవ్వరు.

మీవాడిని ఒక పని అడగండి. అదే కారు పదేళ్లు వానలో నిలబడితే ఎలా ఉంటుందో చేసి చూపించమనండి. కొత్తవాళ్లు తుప్పును ఉప్పు చల్లినట్టు ఒళ్లంతా చల్లుతారు. తుప్పు అలా పట్టదు. తలుపు అడుగు అంచున, బోల్టుల చుట్టూ, పెయింటు లేచిన చోట మొదలై, నీరు కారిన దారిలో కిందికి చారలు దిగుతుంది. ఇది గమనించే కన్ను వాడికుంటే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు.

తర్వాత అతుకులు చూడండి. యూవీ ముక్క అంచు దగ్గరే రంగు ఆపేస్తే, కారు దూరం వెళ్లేసరికి అతుకు వెంట గీత కనిపిస్తుంది. దూరంలో ఉన్నవాటికి గేము చిన్న సైజు టెక్స్చర్ వాడుతుంది, అందులో పక్క రంగు కలిసిపోతుంది. అందుకే అంచు దాటి కొన్ని పిక్సెళ్లు అదనంగా రంగు పొయ్యాలి. ఒక కుర్రాడు నాకు లారీ బొమ్మ తెచ్చి చూపించాడు. కుడివైపు పేరు చక్కగా ఉంది, ఎడమవైపు అద్దంలో చూసినట్టు తిరగబడింది. రెండు వైపులకూ ఒకే యూవీ ముక్క వాడిన ఫలితం. నేను చూపించేదాకా తను గమనించలేదు!

ఇప్పుడు రంగు చిత్రం ఒక్కటీ సరిపోదు. ఎక్కడ గరుకు, ఎక్కడ లోహం, ఎక్కడ ఎత్తుపల్లాలు అని చెప్పే చిత్రాలు విడిగా ఉంటాయి, వాటిని మ్యాపులు అంటారు. వెలుగునీడలు గేమును నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే గేమ్ ఇంజిన్, వేసుకుంటుంది కాబట్టి రంగు మ్యాపులో నీడలు గియ్యకూడదు. ఎత్తుపల్లాల నార్మల్ మ్యాపులో ఆకుపచ్చ చానల్ (ఆకుపచ్చ రంగు విలువల పొర) యూనిటీ అనే ఇంజిన్‌కు ఒక దిశలో, అన్‌రియల్ అనే ఇంజిన్‌కు దానికి వ్యతిరేక దిశలో ఉంటుంది. ఇది తెలియకపోతే బొడిపెలు గుంటల్లా కనిపిస్తాయి. జింప్‌తో పునాది వేసుకోవచ్చు, కానీ కంపెనీల్లో సబ్‌స్టెన్స్ పెయింటర్ అనే టెక్స్చర్లు వేసే సాఫ్ట్‌వేర్ వాడకం ఎక్కువ. పైగా చిన్న స్టూడియోల్లో బొమ్మ తయారీ, యూవీ, టెక్స్చర్ అన్నీ ఒకరే చెయ్యాలి. అందుకని మోడళ్లు తయారుచేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ తప్పదు. అది ఉచితమే.

‘గేములు మార్చినవాళ్లూ పైకొచ్చారు’ అని మీవాడు అంటే అదీ అబద్ధం కాదు. కౌంటర్ స్ట్రైక్ అనే గేము 1999లో హాఫ్ లైఫ్ అనే మరో గేముకు ఇద్దరు కుర్రాళ్లు చేసిన మాడ్‌గానే (ఉన్న గేమును మార్చి చేసిన రూపం) మొదలైంది. తర్వాత హాఫ్ లైఫ్ తయారుచేసిన వాల్వ్ కంపెనీ దాన్ని తీసుకుని 2000లో విడుదల చేసింది. కానీ అలా అందరికీ జరగదు, కాబట్టి డిగ్రీ వదలొద్దు.

ఒక హెచ్చరిక: వేరేవాళ్ల గేములోని మోడల్‌కు రంగులు మారిస్తే, మోడల్ తనది కాదని పోర్ట్‌ఫోలియోలో (కంపెనీలకు చూపించే తన పనుల సంకలనంలో) స్పష్టంగా రాయాలి. దాచి దొరికిపోతే ఆ కంపెనీ తలుపు మూసుకున్నట్టే.

రెండు నెలలు గడువిచ్చి, మోడల్ దగ్గర్నుంచి అంతా తనే చేసేలా ఒక్క వస్తువు చెయ్యమనండి. పాత సుత్తి చాలు. పూర్తయ్యాక మ్యాపులతో సహా నాకు పంపండి. కర్ర పిడి మీద చెయ్యి పట్టే చోట అరిగి నునుపెక్కిందా, లేక పిడి అంతా ఒకేలా ఉందా? నేను ముందు చూసేది అదే.