చేత్తో చేసిన లాంగ్ రైఫిల్‌లో పనితనాన్ని ఎక్కడ చూడాలి?

యంత్రాలు తుపాకులను చవకగా చేసి ఇస్తున్న ఈ కాలంలో, రెండు వందల యాభై ఏళ్ళనాటి నమూనాలో లాంగ్ రైఫిల్ అనే పొడవు గొట్టపు తుపాకీని చేత్తో చేయించుకోవడానికి కొందరు అమెరికన్లు ఏళ్ళ తరబడి ఎందుకు వేచి ఉంటారని మీరు అడిగారు. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్‌కు దగ్గరలో ఉన్న రోజుల్లో, ఆ పని చేసే ఒక పెద్దాయన పనిశాలకు ఒక శీతాకాలమంతా శనివారాల్లో వెళ్ళి కూర్చున్నాను. నాకు వేటతో గాని, తుపాకులతో గాని పరిచయం లేదు. వడ్రంగుల ఇంట పుట్టినవాణ్ణి కనుక ఆయన ఉలి పట్టే తీరు చూసి అక్కడే ఆగిపోయాను.

మన వైపు కమ్మరం, వడ్రంగం, కంచరం, శిల్పం, అవుసులపని వేరువేరు ఇళ్ళలో సాగే వృత్తులు. లాంగ్ రైఫిల్‌లో ఆ ఐదూ ఒకే మనిషి చేతిలో కలుస్తాయి. ఇనుప గొట్టం, స్ప్రింగులు కమ్మరివి. మేపుల్ కర్ర వడ్రంగిది. పోతపోసిన ఇత్తడి సామాను కంచరిది. కర్ర మీద ఉబ్బెత్తుగా తేలే లతలు శిల్పివి. వెండి పొదుగులు, సన్నని నగిషీ అవుసులివి. ఒక పని ముగిసి మరొకటి మొదలయ్యే అంచు దగ్గరే అసలు నేర్పు తెలుస్తుందని నా నమ్మకం.

చెకుముకి రాయి ఉక్కుకు తగిలి నిప్పు రాల్చే యంత్రాన్ని లాక్ అంటారు. దాని ఇనుప పలకను కర్రలో పొదగాలి. ఆయన దీపపు మసిని పలక అంచులకు పలుచగా పూసి, కర్రలో నొక్కి తీసేవారు. కర్రకు నల్లగా అంటిన చోట అడ్డు ఉన్నట్టు లెక్క. ఆ మచ్చను మాత్రమే గోరంత ఉలితో గీకి, మళ్ళీ మసి పూసి, మళ్ళీ నొక్కేవారు. ఆ ఒక్క పలక కూర్చోవడానికి నా కళ్ళ ముందే రెండు శనివారాలు గడిచాయి. తొందరపడి ఒక్క పొర ఎక్కువ తీస్తే ఆ సందు ఇక పూడదు. మా నాన్నగారు ద్వారబంధం బిగించాక అతుకు మీద గోరు నడిపి చూసేవారు. గోరు తట్టుకుంటే విప్పి మళ్ళీ చేసేవారు. పెద్దాయన అనుమతి అడిగి నేనూ అదే పరీక్ష చేశాను. గోరు ఇనుము మీది నుండి కర్ర మీదికి జారిపోయింది, ఎక్కడ దాటిందో నాకు తెలియలేదు.

ఈ తుపాకీ రూపం వెనుక అవసరం ఉంది. 18వ శతాబ్దంలో జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుండి వలస వచ్చిన పనివాళ్ళు తమ పొట్టి, లావుపాటి వేట తుపాకీ యాగర్ రైఫిల్‌ను ఇక్కడి అడవులకు తగ్గట్టు మార్చుకున్నారు. గొట్టం తరచుగా 42 నుండి 46 అంగుళాల దాకా సాగింది, లోపలి వెడల్పు తగ్గింది, దాంతో ఊళ్ళకు దూరంగా తిరిగే వేటగాడు మోసుకెళ్ళిన సీసం, తుపాకిమందు ఎక్కువ రోజులు వచ్చేవి.

ఈనాటి పనివాళ్ళలో చాలామంది గొట్టాన్ని కొని తెచ్చుకుంటారు. దాన్ని నేను తక్కువ చేసి చూడను. గొట్టం పుట్టుక తెలియాలంటే మాత్రం వర్జీనియాలో 18వ శతాబ్దపు ఊరిని ఆనాటి రూపంలో నిలిపి చూపే కొలోనియల్ విలియమ్స్‌బర్గ్ గురించి చదవాలి. తుపాకులు చేసే వాలెస్ గస్లర్ 1960లలో పాతకాలపు పనిముట్లతోనే మొత్తం రైఫిల్‌ను చేసి చూపించింది అక్కడే. ఇనుప పట్టీని తెల్లగా కాల్చి, కడ్డీ చుట్టూ మలచి, కొద్ది అంగుళాల చొప్పున సమ్మెటతో అతుకుతారు. తరువాత మెలి తిరిగిన గాడులున్న కొయ్య దూలం దారి చూపగా చిన్న పళ్ళ కత్తిని గొట్టంలో మళ్ళీ మళ్ళీ లాగి, లోపల కూడా మెలి తిరిగిన గాడులు కోస్తారు; లోతు పెరగాలంటే కత్తి కింద ఒక కాగితపు ముక్క చేరుస్తారు. గుండు గిర్రున తిరుగుతూ సూటిగా పోయేది ఆ గాడుల వల్లనే.

రంగు వేసిన రోజును నేను మరచిపోలేను. ఇనుము కరిగించిన నత్రికామ్లం పూయగానే తెల్లని కర్ర పాచిపట్టినట్టు అయింది. ఎర్రగా కాల్చిన కడ్డీని తగలకుండా దగ్గరగా నడిపించేసరికి అది ముదురు గోధుమరంగుకు తిరిగి, పొడవునా పులిచారలు లేచాయి.

మీకు వీలైతే నాజరెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లోని పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ మ్యూజియంకు వెళ్ళండి. ముందుగా కంటపడేది తుపాకీ వెనుక భాగాన కర్రలో తొలిచిన చిన్న అర మీది ఇత్తడి మూత; లాంకాస్టర్ పనిలో దాని కొస తరచుగా డైసీ పువ్వులా ఉంటుంది. దాన్ని తనివితీరా చూశాక, తల వంచి, లాక్ వెనుక అంచును పక్క వెలుతురులో చూడండి.