కార్డు పోలేదు, పేరు మారింది

డెబియన్ లినక్స్ 11వ వెర్షన్ నుంచి 12కి మారాక వైర్డ్ నెట్ రావడం లేదని, ‘కెనాట్ ఫైండ్ డివైస్’ అంటోందని రాశారు కదండీ. కేబుల్ పెట్టిన చోట పచ్చ లైటు మిణుకుతోందంటే నెట్‌వర్క్ కార్డు బతికే ఉన్నట్టు. కొత్తది కొనకండి.

టెర్మినల్‌లో ‘ఐపీ లింక్’ కొట్టి చూడండి. కార్డు పాత పేరు, అంటే ‘ఈఎన్‌పీ2ఎస్0’ లాంటిది, ఉండాల్సిన చోట ‘ఈఎన్‌పీ3ఎస్0’ లాంటిది కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఈ పేరు కార్డు కూర్చున్న పీసీఐ (మదర్‌బోర్డుకు కార్డులను కలిపే దారి) స్థానాన్ని బట్టి వస్తుంది. కొత్త కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ఆ లెక్క వేరుగా వేస్తే పేరూ మారుతుంది. ఈటీసీలోని నెట్‌వర్క్ ఫోల్డర్‌లో (/etc/network) ‘ఇంటర్‌ఫేసెస్’ ఫైల్ మాత్రం పాత పేరునే పట్టుకుని ఉంటుంది. రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) తెరిచి, ఆ పేరున్న ప్రతి లైనూ మార్చి రీబూట్ చేయండి. బూట్ అయ్యేటప్పుడు కార్డును ఆన్ చేసే ‘ఆటో’ లైన్ మర్చిపోకండి. నేను అదొక్కటి వదిలేసి పూట మొత్తం కేబుళ్లు మారుస్తూ కూర్చున్నాను!

‘ఐపీ లింక్’లో ‘ఎల్ఓ’ (కంప్యూటర్ తనతో తానే మాట్లాడుకునే లోపలి ఇంటర్‌ఫేస్) ఒక్కటే కనిపిస్తే కథ వేరు. అప్పుడు ‘dmesg’ అనే కమాండ్ కొట్టి, వచ్చినదాంట్లో ఫర్మ్‌వేర్ (కార్డును నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) అన్న మాటున్న లైన్లు ఇక్కడ పెట్టండి, చూద్దాం.