విడిగా కట్టిన గరాజ్‌లోని సబ్‌ప్యానెల్‌లో (ఇంటి మెయిన్ ప్యానెల్ నుంచి కరెంటు తీసుకునే చిన్న ప్యానెల్) న్యూట్రల్, గ్రౌండ్ కలపాలా? (అమెరికా వైరింగ్)

కలపకూడదు, ఆ రెండూ కలిసేది ఇంటి మెయిన్ సర్వీసు దగ్గర ఒక్కచోటే. గరాజ్‌లోనూ కలిపితే న్యూట్రల్‌లో తిరిగెళ్లాల్సిన కరెంటు గ్రౌండ్ తీగలోకీ, ప్యానెల్ డబ్బా రేకులోకీ చీలుతుంది. న్యూట్రల్ ఊడిందా, డబ్బా ముట్టుకుంటే షాకే.

ఉదాహరణకి పైపులో 60 ఆంప్స్ ఫీడర్‌కి (ఇంటి నుంచి గరాజ్‌కి కరెంటు తెచ్చే లైను) నాలుగు రాగి తీగలు లాగాలి: రెండు హాట్‌లు (కరెంటు తెచ్చే తీగలు), న్యూట్రల్ 6 గేజ్‌వి, గ్రౌండ్ 10 గేజ్‌ది. ప్యానెల్‌తో వచ్చే, న్యూట్రల్‌ని డబ్బాకి కలిపే ఆకుపచ్చ బాండింగ్ స్క్రూ బిగించొద్దు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గ్రౌండ్ తీగలకి వేరే బార్ కొని నేరుగా డబ్బాకి బిగించాలి.

గరాజ్ దగ్గర 8 అడుగుల గ్రౌండ్ రాడ్లూ (మామూలుగా రెండు, కనీసం 6 అడుగుల ఎడంతో) పాతాలి. అయితే రాడ్ ఉంటే నాలుగో తీగ (గ్రౌండ్) అక్కర్లేదనుకోవడం చాలా ప్రమాదం. రాడ్ పని పిడుగులప్పుడు. హాట్ తీగ డబ్బాకి తగిలితే, నేల నిరోధం 25 ఓమ్‌లే అనుకున్నా 120 వోల్టులకి రాడ్ గుండా పారేది 4.8 ఆంప్స్, దానికి 20 ఆంప్స్ బ్రేకర్ ట్రిప్ అవదు.