ఆయన రిటైరయ్యారు, నాకు ఊపిరాడటం లేదు

ప్రశ్న: మేం బెంగళూరు జాలహళ్లిలో ఉంటాం. ఆయన ఫ్యాక్టరీలో రిటైరై ఎనిమిది నెలలైంది. నాకు 58. పొద్దస్తమానం వంటింట్లో నా వెనకే ఉంటారు. పోపులడబ్బా సర్దేస్తారు, స్టవ్ మంట తగ్గిస్తారు. ఏదైనా చెబితే 'ఆఁ?' అని విసుక్కుంటారు. టీవీ మోత సరేసరి. పుట్టింటికి వెళ్లిపోవాలనిపిస్తోంది.

జవాబు: అమ్మా, మీరు మాటవరసకు రాసి దాటేసిన ఆ 'ఆఁ?' దగ్గరే నేను ఆగిపోయాను. ఏళ్ల తరబడి యంత్రాల హోరులో పనిచేసినవాళ్లకు ముందు సన్నటి ధ్వనులు వినబడటం తగ్గుతుంది. గొంతు వినబడుతుంది, మాట తెలియదు. 'తలుపు' అన్నారో 'కలుపు' అన్నారో తేలదు. పైగా మనం మిక్సీ తిరుగుతుండగా, అటు తిరిగి మాట్లాడతాం. ఆయన విసుగు మీ మీద కాకపోవచ్చు.

టీవీ కట్టేసి, ఆయన వెనక నాలుగడుగుల దూరాన నిలబడి మామూలు గొంతుతో అయిదు కూరగాయల పేర్లు చెప్పండి. రెండు తప్పినా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాల్సిందే. 'మీకు చెవుడు' అనకండి, ఇద్దరూ కలిసి చెకప్‌కి వెళ్లండి. ముందు గులిమి ఉందేమో చూస్తారు, తర్వాత ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేస్తారు. నొప్పేమీ ఉండదు. ఇంట్లో పిన్నీసులు, బడ్స్ పెట్టి తిప్పితే గులిమి ఇంకా లోపలికి పోతుంది. చెవి మిషన్ పెట్టుకోమంటే మొదట్లో గిన్నెల చప్పుడే చెవిలో గుచ్చుకుంటుంది. చాలామంది అప్పుడే తీసి బీరువాలో పడేస్తారు. రోజుకు గంటా రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే కొన్ని వారాలకు అలవాటవుతుంది.

ఇక వంటిల్లు. 'కాస్త సాయం చెయ్యండి' అంటే ఆయన మీ మోచేతి పక్కనే ఉంటారు. ఒక పని పూర్తిగా అప్పగించండి. కూరగాయలు కొనడం, కడగడం, ఫ్రిజ్‌లో సర్దడం ఆయనవే. ముదురు బెండకాయలు తెచ్చినా ఆ పూటకు పులుసు పెట్టేయండి. మీరు మళ్లీ వెళ్లి కొనుక్కొస్తే ఆయన మర్నాటి నుంచి సంచీ ముట్టరు. తొమ్మిది నుంచి పదకొండు దాకా వంటిల్లు నాదని చెప్పండి, గొడవ మధ్యలో కాదు, భోజనాలయ్యి ఇద్దరూ స్థిమితంగా కూర్చున్నాక.

వారానికి రెండు పూటలు మీరు బయటికి వెళ్లండి. కర్ణాటకలో ఉండే ఆడవాళ్లకు 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద ఆర్డినరీ సిటీ బస్సులు ఉచితమే. ఆధార్ వెంట ఉంచుకోండి. ఆ రెండు పూటలా ఆయనే వడ్డించుకుంటారు. కుక్కర్ పెట్టడం ఒక్కసారి చూపించండి చాలు.

పుట్టింటికీ వెళ్లండి, తిరిగొచ్చే తేదీ చెప్పి మరీ. చెయ్యి చేసుకోవడం లాంటిది ఏమైనా ఉంటే మాత్రం పై మాటలేవీ పనికిరావు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి.