ఆ ఈక్వల్ గుర్తు తీసెయ్

అమ్మాయ్,

నీ రాతప్రతి చేరి పదిహేను రోజులైంది. అందిన రోజే చదివేశాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గేలా లేదు, అందుకని రాస్తున్నాను.

ఫ్రెంచివాళ్ళకి ఇంగ్లీషు జాతీయాలు, అందులోనూ ఇబ్బందుల్లో వాడేవి, నేర్పాలనుకున్నావు. మంచిదే. కానీ పద్నాలుగో పేజీలో ‘ఫేస్ ద మ్యూజిక్’ అని రాసి, పక్కన ఈక్వల్ గుర్తు పెట్టి, ‘పేయే లే పో కాసే’ అని పడేశావేమిటి? పగిలిన కుండలకి డబ్బు కట్టడం! ఎవరు పగలగొట్టిన కుండలు? ఫ్రెంచిలో ఆ మాట చాలాసార్లు ఒకరు చేసిన నష్టం ఇంకొకరి నెత్తిన పడ్డప్పుడు వస్తుంది. ఇంగ్లీషు మాట అలా కాదు. తప్పు నీదే, వెళ్ళి చీవాట్లు తిను అని దాని భావం. లెక్కల్లో తేడా చేసిన గుమాస్తా ఓనరు గదిలోకి అడుగుపెడుతూ అనుకునే మాట అది. వరదలో ఇల్లు పోయినవాడితో అంటే తంతాడు. నీ పుస్తకం చదివిన ఫ్రాన్సులోని లియాన్ ఊరి కుర్రాడు సరిగ్గా అక్కడే అంటాడు.

ఈక్వల్ గుర్తు లెక్కల మాస్టారికి వదిలెయ్. జాతీయం ఎవరు, ఎవరితో, ఏ వేళప్పుడు అన్నారో చూపించకపోతే నువ్వు చెప్పింది సగమే.

నాకీ బుద్ధి ఊరికే రాలేదు. నాది యానాం. 1954లో ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయేనాటికి బళ్ళో చదివే పిల్లాణ్ణి. ఆ నాలుగు ఫ్రెంచి ముక్కల పుణ్యమా అని తర్వాత పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళకి ఇంగ్లీషు చెప్పుకుని బతికాను. ఒకరోజు క్లాసుకి ఒకావిడ దిగాలుగా వచ్చింది. వాళ్ళ అమ్మకి ఆపరేషనట. నేను ఊరుకోవచ్చుగా? ‘యూ మస్ట్ బైట్ ద బుల్లెట్’ అన్నాను. ఈ తూటా ఏమిటి సార్ అని అడిగింది. ఇక నా పాండిత్యం ఆగలేదు. కొరడా దెబ్బలు తినే సిపాయిలు అరవకుండా తూటా నమిలేవారని 1796 నాటి ఇంగ్లీషు యాసమాటల నిఘంటువులో ఉందని చెప్పాను. అంతటితో ఆపానా? మత్తుమందు లేని రోజుల్లో కోత కోసేటప్పుడు నోట్లో తూటా పెట్టేవారనే కథ కూడా బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. బొమ్మ సగంలో ఉండగా వెనక కుర్చీ చప్పుడైంది. ఆవిడ పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నువ్వు దీనికీ ఈక్వల్ పెట్టావు: ‘సెరే లే దాన్’ అని. పళ్ళు బిగించడం. అది అచ్చం మన పంటి బిగువున ఓర్చుకోవడమే. ‘బైట్ ద బుల్లెట్’లో ఓర్పు కంటే తెగింపు ఎక్కువ. వాయిదా వేస్తూ వచ్చిన చేదు పనిలోకి ఇవాళ దిగడం.

పెనం మీంచి పొయ్యిలో పడటం గురించి రెండే లైన్లు రాశావు. తెలుగు పిల్లవి, నీకు తట్టలేదా? ఇంగ్లీషువాడిదీ అదే పెనం, అదే నిప్పు. ఫ్రెంచివాడు మాత్రం కారిబ్ద్ నుంచి సిలాలో పడతాడు. గ్రీకు కథల్లోని రెండు భూతాలు, మెస్సినా జలసంధికి చెరోపక్కా కాపు కాసేవి. మనకి వంటింట్లో జరిగిన ప్రమాదం వాడికి సముద్రంలో జరిగింది. ఇది చెబితే ఏ స్టూడెంటూ మరిచిపోడు.

నా రోజుల్లో ఒక పబ్లిషర్, పేరు ఎందుకులే, నేను రాసిన సన్నివేశాలన్నీ కొట్టేసి టేబుళ్ళు మిగిల్చాడు. ‘వంద రోజుల్లో వంద జాతీయాలు’ అని అట్ట మీద వేశాడు. ఇప్పుడు ముప్ఫై సెకన్ల వీడియోల్లో మూడేసి జాతీయాలు చెప్పేవాళ్ళంతా వాడి వారసులే. నువ్వు ఆ దారి పట్టకు.

అయినా ఇంత ఉత్తరం రాయడానికి కారణం నలభై ఒకటో పేజీ. తెల్లవారుజామున నాలుగింటికి ఓవెన్ చెడిపోతే, పిండి చేతులతో నిలబడి ‘దాన్ ల పెత్రాన్’ అని నవ్విన బేకరీ ఆవిడ. ఇబ్బందుల్లో పడ్డామనే ఆ మాటలో ‘పెత్రాన్’ అంటే పిండి పిసికే తొట్టి. ఆవిడ మోచేతుల దాకా ఉన్నదీ అందులోనే! ఇంగ్లీషువాడైతే ‘ఇన్ ఎ పికిల్’ అంటాడని కింద ఒక్క ముక్క రాశావు, చాలు. ఆ పేజీలో ఈక్వల్ గుర్తు లేదు, నీకు గుర్తులేదేమో. మిగతా పుస్తకం దాని పక్కన పెట్టి మళ్ళీ రాయి. యాభై జాతీయాలు అక్కర్లేదు, పన్నెండు చాలు.

ఏ పబ్లిషర్‌కి పంపాలి, ముందుమాట ఎవరిచేత రాయించాలి అని అడిగావు. అవి తర్వాత చూద్దాం.

ఇంతకీ ఆ పొద్దున ఆవిడ రొట్టెలు ఎక్కడ కాల్చిందో రాయలేదేం? పక్క వీధి బేకరీవాడు ఓవెన్ ఇచ్చాడా?

ఆశీస్సులతో,
మీ మాస్టారు